పేరు చేర్చే ముందు ఆలోచించండి: ఐటీ మేనేజర్లకు, ఆన్‌సైట్ లీడ్‌లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖ, విజయవాడ ఐటీ ఆఫీసుల్లోని ప్రాజెక్ట్ మేనేజర్లకు, డెలివరీ లీడ్‌లకు, స్క్రమ్ మాస్టర్లకు, డల్లాస్‌లో, న్యూజెర్సీలో క్లయింట్ దగ్గర ఉండి ఆన్‌సైట్ బాధ్యతలు చూస్తున్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ టీమ్‌కి లీడ్‌ని. మీరు పంపే మీటింగ్ ఇన్వైట్‌లు అందుకుంటాను, నా టీమ్‌కి నేనూ పంపుతుంటాను. మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. క్యాలెండర్‌లో ఒక మనిషి పేరు చేర్చే ముందు, ఆ మనిషి ఆ మీటింగ్‌కి ఎందుకు రావాలో మీరే తేల్చండి. ప్రస్తుతం చాలాచోట్ల అందరినీ పిలిచేసి, రావాలో వద్దో తేల్చుకునే భారం వచ్చేవాళ్ల మీద వదిలేస్తున్నారు. మన ఆఫీసుల్లో వాళ్లు తేల్చుకోలేరు.

ఎందుకు తేల్చుకోలేరో చెప్తాను. ఇన్వైట్ వచ్చినప్పుడు యాక్సెప్ట్, టెంటేటివ్, డిక్లైన్ అని మూడు దారులుంటాయి. అవుట్‌లుక్‌లో అయితే వేరే సమయం సూచించడానికి ప్రపోజ్ న్యూ టైమ్ కూడా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఇవి అందరికీ సమానంగా ఇచ్చిన హక్కులే. కానీ ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని అమ్మాయి, ఏడాది చివర తనకు రేటింగ్ ఇచ్చే మేనేజర్ పంపిన ఇన్వైట్‌కి డిక్లైన్ నొక్కుతుందా? పెద్దవాళ్లు పిలిచాక రానని చెప్పడం మర్యాద కాదని ఇంట్లో నేర్చుకుని వచ్చిన పిల్లలు వీళ్లు. కాలేజీలోనూ అదే నేర్చుకున్నారు. పిలిచింది మీరు కాబట్టి, ఎంత పని ఉన్నా యాక్సెప్ట్ నొక్కుతారు.

మా పక్క టీమ్‌లో ఒక ఫ్రెషర్ క్యాలెండర్‌లో ఒకే గంటకు మూడు మీటింగులు యాక్సెప్ట్ చేసి ఉన్నాయి. "దేనికి వెళ్తావమ్మా?" అని అడిగాను. "ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి ఫోన్‌లో అక్కా. మూడోదాంట్లో నా పేరు వస్తే చాట్‌లో పింగ్ చేయమని ఫ్రెండ్‌కి చెప్పాను" అంది. ఒక చెవిలో ఒక కాల్, ఇంకో చెవిలో ఇంకో కాల్ పెట్టుకున్న మనిషి దేన్నీ సరిగ్గా వినదు. పిలిచిన ముగ్గురికీ మాత్రం ఆమె పేరు పక్కన పచ్చటి టిక్ కనిపిస్తూనే ఉంది. మా టీమ్ అంతా వచ్చిందని ముగ్గురూ క్లయింట్‌కి చెప్పుకుని ఉంటారు. ఆ గంటలో ఆ పిల్ల పడిన టెన్షన్ ఎవరి లెక్కలోకీ రాలేదు.

కింది స్థాయి ఉద్యోగులకు "నో చెప్పడం నేర్చుకోండి" అని ట్రైనింగులు పెడుతుంటారు. మంచిదే. కానీ చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్లకు ధైర్యం నూరిపోసే బదులు, చెప్పాల్సిన అవసరమే రాకుండా చూడగలిగిన స్థానంలో మీరున్నారు. అందుకే ఈ లేఖ ఫ్రెషర్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

చాలా ఇన్వైట్‌లలో తప్పు గ్రూప్ ఐడీ దగ్గర మొదలవుతుంది. ప్రాజెక్ట్ డీఎల్ (డిస్ట్రిబ్యూషన్ లిస్ట్, అంటే టీమ్ అందరి మెయిల్ ఐడీలూ కలిసిన గ్రూప్) ఒక్కటి పెట్టి సెండ్ కొడితే నలభై మందికి వెళ్లిపోతుంది. వచ్చిన నలభైలో మాట్లాడేది నలుగురో ఐదుగురో. మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి వేరే పని చేసుకుంటారు, లేదా చేసుకోలేక కూర్చుంటారు. డీఎల్‌ని అలాగే వదిలేస్తే, అందరి ఖాళీ వేళలూ చూపించే అవుట్‌లుక్ షెడ్యూలింగ్ అసిస్టెంట్‌లో ఎవరు ఖాళీగా ఉన్నారో, ఎవరు లేరో ఒక్కొక్కరిగా కనిపించదు. పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి దాన్ని పేర్లుగా విడదీయండి. అప్పుడు ఒక్కో మనిషి రోజు ఒక్కో వరుసలో మీ ముందుంటుంది. దానికన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. పేర్లు చదువుతారు. ఈయన వేరే ప్రాజెక్టుకు మారిపోయాడు కదా, ఈవిడ మెటర్నిటీ లీవ్‌లో ఉంది కదా, ఈ అబ్బాయికి ఈ మాడ్యూల్‌తో సంబంధమే లేదు కదా అని మీకే తోస్తుంది. అలా తోచిన ప్రతి పేరునూ తీసేయండి.

డీఎల్‌తో ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. అవుట్‌లుక్‌లో డీఎల్‌కి పంపిన ఇన్వైట్, పంపిన రోజున ఆ గ్రూపులో ఉన్నవాళ్లకే చేరుతుంది. ఆ తర్వాత టీమ్‌లో చేరినవాళ్లకు ఆ రికరింగ్ సిరీస్ (రోజూ, వారం వారం వచ్చే మీటింగుల వరుస) దానంతట అది రాదు. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు రెండు వారాల తర్వాత కూడా "అలాంటి కాల్ ఉందని నాకు తెలీదు సార్" అంటారు, చివాట్లు తింటారు. అదే సమయంలో, ప్రాజెక్ట్ వదిలి వెళ్లినవాళ్ల క్యాలెండర్‌లో ఆ మీటింగ్ అలాగే ఉండిపోతుంది. రోజూ ఆ అరగంట వాళ్లు బిజీగా ఉన్నట్టు చూపిస్తుంది. వాళ్ల కొత్త మేనేజర్ పగటిపూట అందరికీ కుదిరే స్లాట్ కోసం వెతికితే దొరకదు. దాంతో కొత్త మీటింగ్ రాత్రికి పోతుంది. ఎప్పుడో వదిలేసిన ప్రాజెక్ట్ ఇన్వైట్ వల్ల ఒకరు రాత్రి తొమ్మిదిన్నరకు కాల్‌లో కూర్చోవడం నా కళ్లముందే జరిగింది. టీమ్ నుంచి ఒకరిని రిలీజ్ చేసిన రోజున, యాక్సెస్‌లు తీసేసే జాబితాలోనే "రికరింగ్ మీటింగుల నుంచి పేరు తీయాలి" అనే పనిని కూడా చేర్చండి.

ఇక రిక్వైర్డ్ (తప్పనిసరిగా రావాలి), ఆప్షనల్ (వీలైతే రావచ్చు) సంగతి. ఈ తేడా ఈ మధ్య ఎవరో సరదాకి కనిపెట్టింది కాదు. వేర్వేరు కంపెనీల క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఐక్యాలెండర్ అనే ప్రమాణం 1998లో వచ్చింది. దాని పత్రం పేరు ఆర్‌ఎఫ్‌సీ 2445. 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5545గా దాన్ని సవరించారు. ఇవాళ అవుట్‌లుక్ నుంచి పంపిన ఇన్వైట్ గూగుల్ క్యాలెండర్‌లో తెరుచుకుంటోందంటే దాని చలవే. ఆ మొదటి పత్రంలోనే మనుషులను రకాలుగా విడదీశారు. మీటింగ్ నడిపేవాళ్లు, తప్పనిసరిగా రావాల్సినవాళ్లు, వీలైతే వచ్చేవాళ్లు, కేవలం సమాచారం కోసం పేరు ఉన్నవాళ్లు. తన బదులు ఇంకొకరిని పంపే వీలు కూడా అందులో ఉంది. మీటింగ్ అంటే ఏమిటో బాగా ఆలోచించిన మనుషులు రాసిన పత్రం అది. మనం మాత్రం అందరినీ తప్పనిసరి గడిలోనే పడేస్తున్నాం.

అవుట్‌లుక్‌లో పేర్లు రాసే చోటే ఆప్షనల్ గడి ఉంది. గూగుల్ క్యాలెండర్‌లో అతిథి పేరు పక్కనున్న చిన్న మనిషి బొమ్మ నొక్కితే వాళ్లు ఆప్షనల్ అవుతారు. ఎవరిని ఎందులో పెట్టాలో తేలకపోతే నేను పాటించే పద్ధతి చెప్తాను. ఈ మనిషి రాకపోతే ఈ మీటింగ్ వాయిదా వేస్తానా? వేస్తాను అంటే రిక్వైర్డ్. వేయను అంటే ఆప్షనల్. నిజాయితీగా జవాబు చెప్పుకుంటే తప్పనిసరి గడిలో పేర్లు ఆరు దాటడం అరుదు.

అయితే ఆప్షనల్ అని పెట్టడం ఒక్కటే సరిపోదు. చాలా టీమ్‌లలో ఆప్షనల్ అంటే "రాకపోతే ఏమీ అనను గానీ గుర్తుపెట్టుకుంటాను" అని అర్థం చేసుకుంటారు. ఆ భయం పోగొట్టాల్సింది కూడా మీరే. టీమ్ ముందు నోటితో చెప్పండి. ఆప్షనల్‌లో ఉన్నవాళ్లు రాకపోతే కారణం చెప్పక్కర్లేదని, మీటింగ్ అయ్యాక నిర్ణయాలు మెయిల్‌లో వస్తాయని చెప్పండి. చెప్పినట్టే ఎంవోఎం (మీటింగ్ మినిట్స్, అంటే ఆ నిర్ణయాల మెయిల్) పంపండి. రెండు మూడు వారాలు మాట నిలబెట్టుకుంటే జనం నమ్ముతారు. ఎంవోఎం రాకపోతే, ఏం తప్పిపోతుందో అన్న భయంతో మళ్లీ అందరూ వచ్చి కూర్చుంటారు.

మీ వైపు నుంచి వచ్చే మాట నాకు తెలుసు. "క్లయింట్ ఎప్పుడు ఏ ప్రశ్న వేస్తాడో తెలీదు. డేటాబేస్ గురించి అడిగితే డేటాబేస్ మనిషి లైన్‌లో ఉండాలి కదా." న్యాయమైన మాటే. క్లయింట్ ముందు "కనుక్కుని చెప్తాం" అనడం ఎంత కష్టంగా ఉంటుందో నేనూ చూశాను. కానీ ఆ మనిషి అవసరమైతే దొరకాలి అన్నది ఒక సంగతి, గంటసేపు లైన్‌లో కూర్చోవాలి అన్నది వేరే సంగతి. "ఆరున్నర నుంచి ఏడున్నర దాకా చాట్ చూస్తూ ఉండు, అవసరమైతే పిలుస్తాను" అని చెప్పండి. పిలిస్తే ఒక్క నిమిషంలో చేరతారు. ఆ గంట తన పని తను చేసుకుంటారు. ఒక పెద్ద రిలీజ్ సమయంలో మా టీమ్ అంతా ఇలాగే పనిచేసింది. క్లయింట్‌కి తేడా కూడా తెలియలేదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. పిలవకపోతే బాధపడతారు అని. ఇదీ నిజమే. ఇన్వైట్‌లో పేరు లేకపోతే తనను పక్కన పెట్టారని, ప్రాజెక్ట్ నుంచి తీసేస్తారేమోనని కంగారుపడే మనుషులున్నారు. ఆ బాధను గంటల కొద్దీ మ్యూట్‌లో కూర్చోబెట్టి తీర్చడం న్యాయం కాదు. పేరు తీసేముందు ఒక్క ఫోన్ కాల్ చేయండి. "నీ టైమ్ మిగలాలని తీస్తున్నాను, నీ పని గురించి చర్చ వచ్చిన రోజు నిన్నే ముందు పిలుస్తాను" అనండి. నా టీమ్‌లో ఇలా చెప్పినప్పుడు ఎవరూ నొచ్చుకోలేదు. ఇద్దరైతే థాంక్స్ చెప్పారు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెడుతున్న విషయానికి వస్తాను. ఇది ముఖ్యంగా అమెరికాలో ఉన్న మన లీడ్‌లకు.

అమెరికాలో 2007 నుంచి ఏటా మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. మన గడియారం మారదు. డల్లాస్‌లో ఉదయం 8 గంటల స్టేటస్ కాల్ అంటే వేసవిలో హైదరాబాద్‌లో సాయంత్రం 6:30. నవంబర్ రాగానే అదే కాల్ 7:30 అవుతుంది. కాలిఫోర్నియాలో ఉదయం 9 గంటల కాల్ అయితే మనకు రాత్రి 9:30 నుంచి 10:30కి పోతుంది. ఎవరూ ఏమీ నిర్ణయించరు. ఎవరికీ మెయిల్ రాదు. సోమవారం క్యాలెండర్ తెరిస్తే అన్నీ ఒక గంట కిందికి దిగి ఉంటాయి. లండన్ టీమ్ కూడా కాల్‌లో ఉంటే ఇంకా గందరగోళం. యూరప్‌లో గడియారం మార్చేది మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో. కాబట్టి వసంతంలో రెండు మూడు వారాలు, శీతాకాలం ముందు ఒక వారం ముగ్గురి మధ్య ఉండాల్సిన తేడా మారిపోతుంది. ఆ వారాల్లో ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తారు.

ఆ గంట ఎవరు భరించాలన్నది దేన్ని బట్టి తేలుతుందో గమనించారా? రికరింగ్ సిరీస్‌ని ఏ టైమ్ జోన్‌లో పెట్టారన్న దాన్ని బట్టి. డల్లాస్ నుంచి డల్లాస్ సమయానికి పెడితే ప్రతి శీతాకాలం ఆ గంటను ఇండియా భరిస్తుంది. అదే సిరీస్‌ని ఇండియా సమయం 6:30కి కడితే, నవంబర్‌లో మనకు ఏమీ మారదు, డల్లాస్ వాళ్లకు కాల్ ఉదయం 7 గంటలకు వస్తుంది. అంటే ఇన్వైట్‌లోని ఒక చిన్న డ్రాప్‌డౌన్, నాలుగు నెలల పాటు ఒక టీమ్ అంతా ఇంటికి ఎన్నింటికి చేరాలో నిర్ణయిస్తోంది. ఆ డ్రాప్‌డౌన్ ముట్టుకునే ముందు అవతలివాళ్లను అడగడం కనీస ధర్మం.

7:30కి మొదలైన గంట కాల్ 8:30కి ముగిస్తే, ఇంటికి తీసుకెళ్లే లాగౌట్ క్యాబ్ 8:15కే అయితే, నా టీమ్‌లోని అమ్మాయి కాల్ చివరి పావుగంటను క్యాబ్‌లో పూర్తి చేయాలి. లేదా ఆ క్యాబ్ వదిలేసి తర్వాతి క్యాబ్ దాకా ఆగాలి. గచ్చిబౌలి నుంచి ఉప్పల్ చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఆరున్నర కాల్ ఉన్న రోజుల్లో ఆమె పిల్లలతో కలిసి అన్నం తింటుంది. డల్లాస్‌లో లీడ్‌గా ఉన్న అన్నకు ఈ ఇల్లు తెలియనిది కాదు. ఆయన అమ్మానాన్నలు కూడా ఇక్కడే ఉంటారు, వాళ్లకు వీడియో కాల్ చేసేటప్పుడు ఇక్కడ టైమ్ ఎంతయిందో చూసుకునే చేస్తాడు. ఆ లెక్కనే ఆఫీసు ఇన్వైట్‌కి కూడా వాడమని అడుగుతున్నాను. రికరింగ్ సిరీస్‌కి ఎండ్ డేట్‌ని అక్టోబర్ చివరికి పెట్టండి. అప్పుడు శీతాకాలం సిరీస్‌ని మళ్లీ కొత్తగా పెట్టాల్సి వస్తుంది, ఎవరికి ఏ సమయమో మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఒక శీతాకాలం మీరు గంట ముందు లేవండి, తర్వాతి శీతాకాలం మేము గంట ఆలస్యంగా ఇంటికి వెళ్తాం.

క్యాలెండర్‌లో వర్కింగ్ అవర్స్ పెట్టుకునే వీలు ఉంది. గూగుల్ క్యాలెండర్‌లో ఆ వేళల బయట ఎవరినైనా పిలిస్తే హెచ్చరిక చూపిస్తుంది. అవుట్‌లుక్ షెడ్యూలింగ్ అసిస్టెంట్‌లో ఆ వేళలు వేరే రంగులో కనిపిస్తాయి. కానీ మా టీమ్‌లలో చాలామంది ఆ వేళలు పెట్టుకోరు. పెట్టుకుంటే ఫ్లెక్సిబుల్ కాదనుకుంటారేమోనని భయం. ముందు మీరు మీవి పెట్టుకుని, మమ్మల్ని కూడా పెట్టుకోమని చెప్పండి.

పండుగల గురించి వేరే చెప్పాలా? భోగి రోజు ఊళ్లో సిగ్నల్ కోసం డాబా ఎక్కి కాల్‌లో చేరిన కుర్రాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. బతుకమ్మ ఆడే సాయంత్రాలు సరిగ్గా కాల్స్ ఉండే సాయంత్రాలే. క్లయింట్‌కి ఇవి తెలియకపోవడంలో తప్పులేదు. ఆన్‌సైట్ లీడ్ తెలుగువారైనప్పుడు చెప్పకపోవడం మాత్రం తప్పే. ఏడాది మొదట్లోనే హైదరాబాద్ ఆఫీసు సెలవుల జాబితాను క్లయింట్ క్యాలెండర్‌లో చేర్చండి. ఇండియా సెలవులు అని డౌన్‌లోడ్ చేసుకున్న జాబితాకు మన ఆఫీసు సెలవులు తెలియవు.

రద్దు చేయడం గురించి కూడా ఒక మాట. లీవ్ మీద వెళ్లేటప్పుడు మీ సిరీస్‌లో ఆ రోజు మీటింగ్‌ని క్యాన్సిల్ చేసి, క్యాన్సిలేషన్‌ను అందరికీ పంపి వెళ్లండి. లేకపోతే పదిహేను మంది లాబీలో పది నిమిషాలు ఎదురుచూసి, ఒకరినొకరు చాట్‌లో అడిగి వెళ్లిపోతారు. ఒక్కరిని చేర్చడానికో తీయడానికో ఇన్వైట్ మార్చినప్పుడు, మారినవాళ్లకు మాత్రమే అప్‌డేట్ పంపాలా, అందరికీ పంపాలా అని అవుట్‌లుక్ అడుగుతుంది. మారినవాళ్లకు చాలు. సమయం మారితే మాత్రం అందరికీ పంపాలి. సిరీస్ పెట్టిన మనిషి కంపెనీ వదిలి వెళ్తుంటే, చివరి రోజు లోపల తన సిరీస్‌లన్నీ రద్దు చేసి, బాధ్యత తీసుకునేవాళ్ల చేత కొత్తగా పెట్టించాలి. వెళ్లిపోయిన మనిషి పేరుతో ఉన్న మీటింగ్‌ని టీమ్‌లో మిగిలినవాళ్లు అందరి క్యాలెండర్ల నుంచి తీయలేరు.

మీటింగ్ పేర్లు కూడా జాగ్రత్త. క్యాలెండర్ షేర్ చేసుకునే టీమ్‌లలో ఒకరి ఇన్వైట్ పేరు పక్కవాళ్లకు కనిపిస్తుంది. ఒకరి పనితీరు గురించి, ఒకరి ఉద్యోగం గురించి మాట్లాడే మీటింగ్‌కి ఆ విషయం, ఆ మనిషి పేరు కలిపి టైటిల్ పెట్టడం క్రూరం. ప్రైవేట్ అని మార్క్ చేయడానికి ఒక్క క్లిక్ చాలు.

ఒకదాని వెంట ఒకటిగా వచ్చే మీటింగుల మధ్య మనిషికి ఊపిరి కావాలి. గర్భిణులు ఉంటారు, షుగర్ ఉన్నవాళ్లు ఉంటారు, బాత్రూమ్‌కి వెళ్లడానికి కూడా "వన్ మినిట్, కాల్ డ్రాప్ అయింది" అని అబద్ధం చెప్పాల్సి రావడం ఎవరికీ గౌరవం కాదు. గూగుల్ క్యాలెండర్‌లో స్పీడీ మీటింగ్స్ అనే సెట్టింగ్ పెడితే అరగంట మీటింగ్ 25 నిమిషాలకు, గంట మీటింగ్ 50 నిమిషాలకు దానంతట అదే తగ్గుతుంది. అవుట్‌లుక్‌లోనూ అలాంటి సెట్టింగ్ ఉంది. అడ్మిన్ తలచుకుంటే కంపెనీ మొత్తానికీ పెట్టొచ్చు. మీ ఐటీ సపోర్ట్ వాళ్లకు ఒక టికెట్ వేస్తే అయ్యే పని.

2023 జనవరిలో కెనడా కంపెనీ షాపిఫై, ముగ్గురు లేదా అంతకు మించి ఉన్న రికరింగ్ మీటింగులన్నిటినీ ఒకేసారి క్యాలెండర్ల నుంచి తీసేసింది. బుధవారాల్లో మీటింగులు ఉండకూడదంది. అంత పెద్ద నిర్ణయం మన సర్వీస్ ప్రాజెక్టుల్లో క్లయింట్ ఒప్పుకోకుండా కుదరదని నాకు తెలుసు. నేను అడిగేది అంతకన్నా చిన్నది, మీ చేతుల్లో ఉన్నది.

నవంబర్ మొదటి ఆదివారం లోపల మీ పేరుతో ఉన్న రికరింగ్ సిరీస్‌లను ఒక్కొక్కటిగా తెరవండి. డీఎల్‌లను విడదీసి పేర్లు చదవండి. వెళ్లిపోయినవాళ్లను తీసేయండి, కొత్తవాళ్లను చేర్చండి. మీటింగ్ ఆగిపోయేంత అవసరం లేనివాళ్లను ఆప్షనల్‌కి మార్చి, వాళ్లకు ఆ సంగతి చెప్పండి. టైమ్ జోన్ చూసి, శీతాకాలంలో ఆ కాల్ హైదరాబాద్‌లో ఎన్నింటికి వస్తుందో లెక్క వేసి, ఆ టీమ్‌ని అడిగాకే ఆ సమయం ఉంచండి. చేసిన మార్పులు క్లయింట్‌కి ఎలా చెప్పాలో తోచకపోతే ఇక్కడున్న మీ ఆఫ్‌షోర్ లీడ్‌లను అడగండి, ఆ మెయిల్ డ్రాఫ్ట్ మేమే రాసిస్తాం.

ఇట్లు,
ఒక టెస్ట్ లీడ్,
హైదరాబాద్